ఎండుమేత: సేద్యపద్ధతులు, గడ్డి గుణము

ఉత్తరదేశమున గోధుమగడ్డికి గల స్థానము తెలుగునాట వరిగడ్డికిని జొన్నచొప్పకును గలదు. గింజకొరకు పైరునకు వేయు ఎరువు, చల్లు మందు, మార్చు విత్తనము, కోయు తీరు, ఇవన్నియు గింజతోపాటు గడ్డి స్వభావమును గూడ మార్చుచునే యుండును. అయినను దానిని కొలిచి చూడవలెనన్న తలంపు శాస్త్రజ్ఞులకు మిక్కిలి ఆలస్యముగ గలిగినది.

చరిత్రయు గడ్డిని ఇట్లే ఉపేక్షించినది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండు 1786లో నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా వలన హైదరాబాదునందలి గన్‌ఫౌండ్రీకి ఆ పేరు వచ్చెను. ఫిరంగి కదలుటకు ఎడ్లును, ఎడ్లు కదలుటకు చొప్పయు కావలసిన కాలమది. చరిత్రకారులకు ఫిరంగియే కనబడును గాని చొప్ప కనబడదు.

నాటి పైరులు పొడవైనవి. ఇంటికప్పునకును పశువులకును చాలునంత గడ్డి పడినగాని రైతు ఆ విత్తనమును మెచ్చెడివాడు కాడు. 1964లో సి.ఎస్.హెచ్.-1 అను సంకరజొన్నయు, 1966లో ఐ.ఆర్.-8 అను పొట్టివరియు వచ్చిన పిమ్మట గింజ పెరిగి, దానితో పోల్చినచో గడ్డి పాలు తగ్గెను. పొట్టితనమే గడ్డిని చెరచునని మాత్రము తలంపరాదు. పొట్టిపైరున కాండము తగ్గి ఆకు పాలు హెచ్చును; గోధుమయందు కాండముకంటె ఆకు సులభముగ జీర్ణమగును. వరియందు జీర్ణముకాని సిలికా ఆకులో హెచ్చుగ నుండుటచే ఇది తలక్రిందులగును. కనుక ఒక పైరున గ్రహించిన సూత్రమును మరియొకదానికి తగిలించుట ప్రమాదము.

నత్రజని ఎరువు తగుమాత్రము వేసినచో గడ్డిలో మాంసకృత్తులు కొంత పెరిగి, సిలికా పాలు తగ్గును. మితిమీరినచో పైరు పడిపోయి, నేల తడికి గడ్డి బూజుపట్టును. ఈ పడిపోవుటను నివారించుటకే ఐరోపాలో గోధుమకు కాండమును కుదించు మందు చల్లుదురు. తెగుళ్ల మందు ఆకును తుదివరకు పచ్చగ నిలుపును. కాని కోతకు మిక్కిలి చేరువలో చల్లిన పురుగుమందు శేషము గడ్డిద్వారా పశువునకును, పశువుద్వారా పాలకును చేరగలదు. కోత ఆలస్యమైనకొలది కాండములోని చక్కెరలు తరిగి, జీర్ణముకాని లిగ్నిన్ అధికమగును.

1972లో పటాన్‌చెరువున ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థ ఏర్పడిన పిమ్మట, మెట్టపంట పరిశోధనలో చొప్ప క్రమముగ చర్చనీయమైనది. 2004-05లో బ్లూమెల్, పార్థసారథిరావు అను పరిశోధకులు హైదరాబాదులోని చొప్ప వర్తకులను నెలనెలా పరిశీలించి, హెచ్చు వెల పలికిన చొప్పకును తక్కువ వెల చొప్పకును జీర్ణయోగ్యత నూటికి 52, 47 పాళ్లు, అనగా అయిదుపాళ్ల తేడా మాత్రమే యున్నదనియు, ఆ స్వల్ప భేదమునకే కొనుగోలుదారులు సుమారు పాతిక శాతము అధికముగ చెల్లించుచున్నారనియు తేల్చిరి. ప్రయోగశాల తేల్చినది పాడివారి చేతికి ముందే తెలిసియున్నదన్నమాట!

చేనిలో పోయిన గుణమును తరువాత తెచ్చుకొను యత్నమునకు వేరొక చరిత్ర గలదు. మొదటి ప్రపంచయుద్ధపు మేతకరవును చూచిన జర్మనీలో బెక్‌మన్ అను రసాయనజ్ఞుడు గడ్డిని పలుచని కాస్టిక్ సోడాలో నానవేయు పద్ధతిని రూపొందించెను. అయితే కడుగుటకు నీరు విస్తారముగ పట్టుటయు, కడిగిన నీటితో సారము కొట్టుకొనిపోవుటయు దాని లోపములు. మనదేశమున ప్రచారమైనది యూరియా పద్ధతి: నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను అరువది లీటర్ల వరకు నీటిలో కరగించి, పొరపొరకు చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ మూడు వారములు కప్పియుంచవలెను. వెలువడు అమోనియా గడ్డి బిగువును సడలించును; మాంసకృత్తుల లెక్క ఇంచుమించు రెట్టింపగును. ఇంత సులభమైనను ఇది పల్లెలలో విరివిగ వ్యాపింపలేదు. కప్పుటకు పరదాయు, త్రొక్కుటకు మనుషులును, పొలమునకు చాలని యూరియాయు కావలసివచ్చుటయే కారణమని మా యభిప్రాయము. యూరియాతో మగ్గిన గడ్డివాము విప్పినపిదప ఘాటు వాసన తగ్గువరకు ఆరబెట్టియే పశువులకు వేయవలెను. ఆరు నెలలు నిండని దూడలకు ఈ మేత పనికిరాదు.