పని చేయని బండికే ధర

అమెరికాలో పాత పికప్ ట్రక్కును బేరం చేసే అనుభవజ్ఞుడు ఇంజను చప్పుడు కన్నా ముందు వెనక తొట్టిని చూస్తాడు. అడుగున పరిచిన చెక్కల మీద గీతలున్నాయా, పక్క రేకులకు లోపలి నుంచి సొట్టలు పడ్డాయా, వెనక తలుపు వంగిందా అని వెతుకుతాడు. ఇన్నేళ్లూ ఈ బండి ఏం మోసిందన్నది అతని అనుమానం. ‘పెద్దగా ఏమీ మోయలేదు’ అన్న జవాబే అమ్మేవాడికి లాభం. మోయడానికే పుట్టిన బండికి మోయకపోవడం యోగ్యత ఎలా అయింది? ఆ చిక్కు విడాలంటే దాని పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

రైతు చేసుకున్న బండి

పికప్‌ను కంపెనీల కన్నా ముందు రైతులే తయారుచేసుకున్నారు. 1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చాక పల్లెల్లోకీ కారు చేరింది. ఆదివారం చర్చికి, సోమవారం సంతకు అదే బండి కావాలి. దాంతో వెనక భాగం కోసేసి చెక్కపెట్టె బిగించుకున్నారు. గిరాకీ కనిపెట్టిన వర్క్‌షాపులు తొట్ల తయారీకి దిగాయి. ఒహాయో రాష్ట్రంలోని గేలియన్ ఆల్‌స్టీల్ బాడీ కంపెనీ 1913 నాటికే ఫోర్డ్ ఛాసిస్‌ల మీద ఇనప తొట్లు బిగించేది.

1917లో ఫోర్డ్ మోడల్ టీటీని తెచ్చింది. టన్ను బరువు మోసే ఆ బండి 600 డాలర్లు. ఆ డబ్బుకు వచ్చేది ఛాసిసే. క్యాబిన్, తొట్టి కొన్నవాడే చేయించుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఛాసిస్‌ను బాడీ బిల్డింగ్‌కు ఇచ్చే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా తోచదు.

1925 ఏప్రిల్ 15న ఫోర్డ్ ఈ పనిని తన చేతుల్లోకి తీసుకుంది. ఇద్దరు కూర్చునే మోడల్ టీ రనబౌట్ వెనక, ఫ్యాక్టరీలోనే ఉక్కు తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. తొట్టి పొడవు 56 అంగుళాలు, వెడల్పు 40 అంగుళాల పైచిలుకు, లోతు 13 అంగుళాలు. ఆ తొలి ఏడాదే దాదాపు 34 వేలు అమ్ముడుపోయాయి. షెవర్లే కూడా ఆ బాట పట్టింది. అప్పటికి పికప్ అంటే పార, గొడ్డలి లాంటి పనిముట్టే. అరిగేదాకా వాడేవారు, అరిగాక పారేసేవారు.

మూలన కిటికీలు

రెండో ప్రపంచ యుద్ధం కోసం 1942లో అమెరికా ఫ్యాక్టరీలు పౌరులకు కార్లు చేయడం ఆపేశాయి. యుద్ధం ముగిసేసరికి దేశంలో ఉన్న ట్రక్కులన్నీ పాతబడ్డాయి. కొత్త వాటి కోసం జనం ఎదురుచూస్తున్నారు. సైన్యం కోసం చేసిన ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కును 1946లో డాడ్జ్ ‘పవర్ వ్యాగన్’ పేరుతో పౌరులకు అమ్మింది. 1947 వేసవిలో షెవర్లే ‘అడ్వాన్స్ డిజైన్’ వరుసను దించింది. క్యాబిన్ విశాలంగా ఉండాలి, బయటికి బాగా కనబడాలి అన్న వాడకందార్ల కోరికే ఆ రూపానికి మూలం. ముగ్గురు పక్కపక్కన కూర్చోవచ్చు. కాస్త ఎక్కువ డబ్బు పెడితే క్యాబిన్ వెనక మూలల్లో ఒంపు తిరిగిన అద్దాలు వచ్చేవి. ‘ఫైవ్ విండో’ అని పిలిచే ఆ రకానికి ఇవాళ మూల కిటికీలు లేని జోడీ కన్నా ఎక్కువ పలుకుతుంది.

1948 జనవరిలో ఫోర్డ్ ఎఫ్-సిరీస్ మొదలుపెట్టింది. అందులో చిన్నది ఎఫ్-1. 1953లో అదే ఎఫ్-100 అయింది. అమెరికాలో దశాబ్దాలుగా అత్యధికంగా అమ్ముడవుతున్న ట్రక్కు వంశం ఇదే.

సోకు చేరిన సంవత్సరం

కథ మలుపు తిరిగింది 1955లో. షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో చక్ జోర్డన్ అనే యువ డిజైనర్ గీసిన బొమ్మ ఆ ఏడాది షెవర్లే ‘కేమియో క్యారియర్’గా రోడ్డెక్కింది. అంతకు ముందు పికప్ తొట్టికి చక్రాల మీది రెక్కలు బయటికి ఉబ్బి ఉండేవి. కేమియోకు క్యాబిన్ నుంచి తోక దాకా ఒకే చదును. ఆ పక్క పలకలు ఫైబర్‌గ్లాస్‌వి. తొలి ఏడాది దంతపు తెలుపు రంగు, దానికి ఎరుపు సింగారం, అంతే. వేరే రంగు అడిగితే లేదు. ధర దాదాపు 2 వేల డాలర్లు. మామూలు హాఫ్ టన్ను పికప్ దానికన్నా వందల డాలర్లు తక్కువకే వచ్చేది.

బరువు మోయడంలో అదనంగా ఏమీ ఇవ్వని బండికి అదనపు డబ్బు అడగడం ట్రక్కుల లోకంలో కొత్త. నాలుగేళ్లలో 10 వేలకు కాస్త పైన మాత్రమే తయారయ్యాయి. ఈలోగా అదే నున్నటి రూపాన్ని మామూలు ఉక్కు రేకుతో చౌకగా చేయడం ఫోర్డ్, షెవర్లే రెండూ నేర్చుకున్నాయి. 1958తో కేమియో ఆగిపోయింది. పికప్ కూడా అందంగా ఉండొచ్చన్న ఆశ మాత్రం జనంలో నిలిచింది.

1960లో షెవర్లే ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇచ్చింది. 1965లో ఫోర్డ్ ‘ట్విన్ ఐ-బీమ్’ పద్ధతి తెచ్చింది. రెండింటి లక్ష్యం ఒకటే: ట్రక్కు కారులా మెత్తగా పోవాలి. 1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే సీ-10ను ఇవాళ సేకరణకర్తలు ముద్దు చేస్తారు. దాంట్లో 1971, 72 మోడళ్ల మీద మోజు మరీ ఎక్కువ. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ‘షైయెన్’ అనే ఖరీదైన సింగారం వచ్చింది 1971లోనే. 1973 నుంచి 1987 దాకా వచ్చిన పలకల రూపాన్ని జనం ‘స్క్వేర్ బాడీ’ అంటారు.

ప్రభుత్వ నిబంధనలూ ఈ కథలో పాత్రధారులే. అమెరికా కోళ్ల మీద ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ వేసిన సుంకాలకు బదులుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. ‘చికెన్ ట్యాక్స్’ అని పేరుపడిన ఆ సుంకం సొంత ట్రక్కుల కంపెనీలకు కంచెగా నిలిచింది. 1975లో మొత్తం బరువు 6 వేల పౌండ్లు దాటిన ట్రక్కులకు పొగ శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి కాలేదు. ఆ గీత దాటించడానికి ఫోర్డ్ కాస్త బరువైన ఎఫ్-150ని పుట్టించింది. ఆ సందులోంచే 1978లో డాడ్జ్ ‘లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్’ దూసుకొచ్చింది. ఎర్ర రంగు, చెక్క పలకలు, క్యాబిన్ వెనక నిటారుగా నిలిచిన రెండు పొగ గొట్టాలు. ఆ ఏడాది చేసినవి 2,188. వాటిని కొన్నవాళ్లలో ఎరువు బస్తాల కోసం కొన్నవాళ్లు తక్కువే అయి ఉంటారు.

మిగిలినవి ఎందుకు తక్కువ

మామూలు పికప్‌లు లక్షల్లో తయారయ్యాయి. అయినా మంచి స్థితిలో ఉన్నవి అరుదు. మంచు కురిసే రాష్ట్రాల్లో శీతకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు క్యాబిన్ కింది మూలల్లో, తలుపుల కింది పట్టీల్లో చేరి లోపలి నుంచి తినేస్తుంది. అందుకే కొనేవాడు అయస్కాంతం జేబులో వేసుకుని వస్తాడు. అది అతుక్కోని చోట రేకు పోయి పుట్టీ ఉందని అర్థం. అరిజోనా, కాలిఫోర్నియా లాంటి పొడి నేలల బండికి అందుకే అదనపు ధర.

తుప్పు కన్నా పెద్ద శత్రువు పని. ఇటుకలు, కంకర, పశువుల దాణా, వెల్డింగ్ సామాను తొట్టిలో పడి పడి రేకు లోపలి నుంచి ఉబ్బుతుంది. రెండో యజమాని, మూడో యజమాని, చివరికి పొలంలో కంచె పనికి; ఆ తర్వాత పాత సామాన్ల యార్డు. కారుకు రంగు వేయించినట్టు పని ట్రక్కుకు ఎవరూ వేయించలేదు.

తొట్టి పొడవు సంగతి ఇంకా విచిత్రం. ఎక్కువ సామాను పట్టే 8 అడుగుల పొడవు తొట్టినే పనివాళ్లు కొన్నారు. ఆరున్నర అడుగుల పొట్టి తొట్టి తక్కువ మోస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఇవాళ పొట్టిదానికే గిరాకీ. పొడవాటి బండి ఛాసిస్‌ను మధ్యలో కోసి, కుదించి, అతికించేవాళ్లున్నారు. అందుకు కిట్లు కూడా అమ్ముతారు. తొలి రైతు మోయడానికి కారును కోశాడు. ఇప్పటి అభిమాని మోయగల బండిని కోసి పొట్టి చేస్తున్నాడు.

పని గుర్తులకు గౌరవం దక్కాలంటే యజమానికి పేరుండాలి. వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ కోటీశ్వరుడై కూడా నడిపిన 1979 నాటి ఎఫ్-150ని ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో మ్యూజియంలో ఉంచారు. అలాంటి పేరు లేనివాడి ఎఫ్-150కి సొట్ట అంటే ధర తగ్గింపే.

ధర ఎందుకు ఎక్కింది

చాలాకాలం సేకరణకర్తల కన్ను 1960ల మస్టాంగ్, కమారో లాంటి కార్ల మీదే ఉండేది. వాటి ధర సామాన్యుడికి అందకుండా పోయాక చూపు ట్రక్కుల మీదికి మళ్లింది. ఇంజను సాదాసీదా, బానెట్ ఎత్తితే చేయి పట్టేంత చోటు, కంప్యూటర్ లేదు. పాత షెవర్లే, ఫోర్డ్‌లకు తలుపు రబ్బరు నుంచి తొట్టి చెక్క దాకా కొత్తగా చేసిన విడిభాగాలు కేటలాగుల్లో దొరుకుతాయి. కాలిఫోర్నియాలో 1975, అంతకన్నా పాత పెట్రోలు బండ్లకు పొగ పరీక్ష లేదు. ఇంజను మార్చుకోదలచినవాడికి అది పెద్ద వెసులుబాటు. కొత్త ట్రక్కు ధర 50 వేల డాలర్లు దాటడం మామూలయ్యాక, పాతదానికి పాతిక వేలు పెట్టడం దుబారాలా తోచలేదు.

వేలాలు ఇంటర్నెట్‌కు ఎక్కాక మారుమూల షెడ్డులో ఉన్న బండికి దేశమంతా బేరగాళ్లే. కొవిడ్ కాలంలో ఇంట్లో కూర్చున్నవాళ్ల చేతిలో డబ్బు, తీరిక రెండూ ఉండి ధరలు ఇంకా ఎగిశాయి. తర్వాత ఆ వేడి కొంత చల్లారింది. పాత రేకు కింద కొత్త ఇంజను, ఏసీ బిగించిన ‘రెస్టోమాడ్’లు లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. ఇంకో పక్క, ఫ్యాక్టరీ రంగుతో, వెలిసిన మచ్చలతో అలాగే మిగిలిన ‘సర్వైవర్’ను ముట్టుకోవద్దనేవాళ్లూ పెరిగారు. కొత్త రంగు ఎన్నిసార్లయినా వేయొచ్చు, మొదటి రంగు మళ్లీ రాదన్నది వాళ్ల వాదం.

ఈ వాదానికి పరాకాష్ఠ 2013 సెప్టెంబరులో నెబ్రాస్కా రాష్ట్రంలోని పియర్స్ అనే చిన్న ఊళ్లో జరిగింది. అక్కడి లాంబ్రెక్ట్ షెవర్లే షోరూం యజమాని దశాబ్దాల పాటు, అమ్ముడుపోని మోడళ్లను మరుసటి ఏడాది తగ్గించి అమ్మకుండా పక్కన పెట్టేశాడు. అలా పోగుపడినవీ, వాడిన పాత బండ్లూ కలిపి దాదాపు 500 వేలం వేస్తుంటే వేల మంది వచ్చారు. అన్నిటికన్నా ఎక్కువ పలికింది 1958 నాటి కేమియో. మీటరు మీద 1.3 మైళ్లు. ధర 1,40,000 డాలర్లు.

ఆ అంకె గొప్పగానే ఉంది గానీ లెక్క వేద్దాం. కొత్తలో ఆ బండి 2,200 డాలర్లు అనుకుంటే, 55 ఏళ్లలో అది 1,40,000 కావడానికి ఏటా 8 శాతం కన్నా తక్కువ చక్రవడ్డీ చాలు. మన లెక్కలో నూటికి నెలకు అరవై అయిదు పైసలు. రూపాయి వడ్డీ కూడా పడలేదు. పైగా ఆ కాలంలో అమెరికాలో సరుకుల ధరలు సుమారు 8 రెట్లు పెరిగాయి. షెడ్డు ఖర్చు లెక్కలోకి రాలేదు. 1958లోనే అదే ధరకు ట్రక్కు కొని పనికి తోలినవాడు మొదటి నెల నుంచే సంపాదించాడు. అతని బండి ఇవాళ లేదు, వేలం పాటలో అతని పేరు లేదు, అంతే తేడా.

తర్వాతి వంతు ఎవరిది

ధర అరుదైనతనం ఒక్కదానితోనే నిలవదు. గుర్తుపెట్టుకున్నవాళ్లు బతికి ఉండాలి. 1925 నాటి ఫోర్డ్ పికప్ ఎంత అరుదైనా, దాంట్లో ఎక్కి తిరిగిన పిల్లలు ఇవాళ లేరు. సీ-10 ధరను మోస్తున్నది తాత పక్కన బెంచి సీటు మీద కూర్చుని పెరిగిన తరం. ఆ తరం తర్వాతివాళ్ల బాల్యం 1980లు, 90ల బండ్లలో గడిచింది. అందుకే స్క్వేర్ బాడీల తర్వాత 1988 నుంచి 1998 దాకా వచ్చిన షెవర్లేలు, ఆ కాలపు ఫోర్డ్‌లు, టొయోటా పికప్‌లు పైకి లేస్తున్నాయి. 25 ఏళ్లు దాటిన విదేశీ బండికి అమెరికా భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది కాబట్టి జపాన్ బుల్లి ట్రక్కులు కూడా ఓడల్లో దిగుతున్నాయి.

ఇవాళ టెక్సస్‌లో ఏ ఇటుకల కాంట్రాక్టరో 1995 నాటి ఎఫ్-150ని రోజూ నిండా నింపి అరగదీస్తున్నాడంటే, ఎవరి షెడ్డులోనో గుడ్డ కప్పి ఉన్న దాని జోడీకి ధర పెంచుతున్నాడన్నమాట. అందులో అతనికి వాటా రాదు. సాయంత్రానికి కూలి డబ్బులు మాత్రం వస్తాయి.