నాడె నుంచి షటిల్ దాకా



దాజీ పేట్ వీధుల్లో తిరిగేవారికి మగ్గాల చప్పుడు కొత్త కాదు. తెలంగాణ పల్లెలు విడిచి వచ్చిన మన పద్మశాలి పెద్దలు షోలాపూర్ చాదర్లకు దేశమంతటా పేరు తెచ్చారు. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెను ఇంగ్లీషువారు షటిల్ అన్నారు. వలమీదుగా అటూ ఇటూ ఎగిరే ఈకల బంతికీ ఆ పేరే పెట్టారు. అదే బ్యాడ్మింటన్. 1870ల ప్రాంతంలో మన పొరుగునున్న పుణెలో ఇంగ్లీషు సైనికులు ఈ ఆటను ఎంతగా ఆడారంటే, దానికి పూనా అనే పేరు కూడా వచ్చింది.

ఈ ఆటలో ప్రపంచాన్ని మెప్పించిన తెలుగువారు పుల్లెల గోపీచంద్. 1973లో ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టి, హైదరాబాదులో ఎస్.ఎం. ఆరిఫ్ వద్ద ఆట నేర్చారు. 1994లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. ఇక ఆటకు స్వస్తి అనుకునే దెబ్బ అది. అయినా మళ్ళీ నిలబడి 1996 నుంచి వరుసగా అయిదేళ్ళు జాతీయ ఛాంపియన్ అయ్యారు. 2001 మార్చిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ ఘనత సాధించిన రెండవ భారతీయుడు ఆయనే.

అసలు కథ అక్కడినుంచే మొదలు. శీతల పానీయం ప్రకటనకు డబ్బు ఇస్తామన్నా, అది పిల్లలకు మంచిది కాదని ఒప్పుకోలేదు. గచ్చిబౌలిలో ప్రభుత్వం 5 ఎకరాలు లీజుకిస్తే, అకాడమీ కట్టడానికి సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. 2008లో అకాడమీ నిలిచింది. తెల్లవారకముందే గురువు కోర్టులో ఉంటే, శిష్యులు పడుకోగలరా? సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియోలో రజతం తెచ్చారు. రియోకు ముందు సింధు చేతి ఫోనును గురువుగారు మూడు నెలలు దాచిపెట్టారు. పతకం వచ్చాకే తిరిగి ఇచ్చారు.

నాడె వేయడం పుస్తకం చదివితే రాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక పెద్ద నేర్పాలి. ఆటా అంతే. మీ వాడలో ఒకప్పుడు కబడ్డీయో, కుస్తీయో బాగా ఆడినవారు ఉన్నారా? సాయంత్రం ఒక గంట పిల్లల కోసం మైదానానికి రమ్మని వారిని అడగండి.