తగవు తీర్చుట

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలలో ఇరుగుపొరుగు రైతులు పొలముగట్టు కొరకు కలహించినచో "పంచాయతి పెట్టుకున్నరు" అందురు. పంచాయతి యనగా నిజమునకు ఐదుగురు పెద్దలు కూర్చుండి న్యాయము చెప్పు సభ. న్యాయసభ పేరు కలహమునకే పేరైనది.

ఇది క్రొత్త వింత కాదు. 'తగు' నుండి పుట్టిన 'తగవు'నకు ప్రాచీన కావ్యములందు న్యాయము, ధర్మము అని అర్థము. న్యాయము తప్పనివాడు 'తగవరి'. నేడు తగవనిన జగడమే.

పేరులు మారినను వానితో చేరు క్రియ మాత్రము చెడలేదు. అది 'తీర్చు'. తీరుట ముగియుట, తీర్చుట ముగించుట. అప్పు తీర్తుము, దప్పిక తీర్తుము. ఈ క్రియకు పొందికగా అమర్చుట యను అర్థమును కలదు. ముంగిట ముగ్గు తీర్తురు, నుదుట బొట్టు తీర్తురు. కావున తగవు తీర్చుట యనగా కలహమును ముగించుటయే కాదు, చెదరినదానిని తిరిగి ఒక తీరునకు తెచ్చుట. తమిళ కన్నడములందును తీర్పునకు ఈ ధాతువే మూలము.

విజ్ఞానేశ్వరుని మితాక్షరను 13వ శతాబ్దమున తిక్కన శిష్యుడు కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించెను. వ్యవహార ధర్మము అట్లు తెలుగు పద్యమున నిలిచినది. ఆసఫ్‌జాహీల పాలనలో కచేరీ భాష ఉర్దూ అయినపుడు అదాలతు, మున్సిఫు, ఫైసలా అను మాటలు వచ్చినవి. ఫైసలాకు మూలమైన అరబ్బీ ధాతువునకు వేరుచేయుట యని అర్థము. "పంచాయతి తెగలేదు" అను పల్లెమాటలోను కోతయే కలదు. తెగినది రెండగును, తీరినది కుదుటపడును.

తీర్చువాడే లాభము కోరినచో ఈ క్రియ అర్థము చెడును. దొరల గడీలలో పంచాయతి చెప్పి దండుగలు గుంజుట ఈ సీమ ఎరిగినదే. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతు కూలీల జైత్రయాత్ర జరిగినది. ఆ దండుగల సొమ్మును తిరిగి ఇమ్మనుట నాటి ఉద్యమపు కోరికలలో ఒకటి. ఆ అక్టోబరులోనే ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది.

1987 నాటి న్యాయసేవల చట్టము లోక్ అదాలతులకు అధికారమిచ్చినది. ఇరుపక్షముల సమ్మతితో అచ్చట కుదిరిన రాజీకి అప్పీలు లేదు. ప్రాత క్రియలోని భావమే ఇందును కలదు. గట్టుకు ఇరువైపుల ఉన్నవారు మరునాడును ఒకే బావినీరు పారించుకొనవలసినవారు. వారట్లు పారించుకొనగలిగిననాడే తగవు తీరినట్లు.