ఒకే బొమ్మ, పలు పలుకులు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పెదబయలు తూర్పు కనుమల నడుమ ఉన్న మన్యపు ఊరు. నేలమీది టెలివిజన్ స్తంభము నుండి వెలువడు తరంగములకు ఇట్టి చోట కొండలు అడ్డు నిలుచును. ఆకాశము నుండి దిగివచ్చు ఉపగ్రహ తరంగములకు ఆ అడ్డు తక్కువ. అయితే ఉపగ్రహము ఒకేసారి అనేక భాషల నేలపై ప్రసరించును. ఒకే బొమ్మను ఎవరి భాషలో వారికి వినిపించుట ఎట్లు?

ఈ ప్రశ్న మన దేశమున పెద్ద ఎత్తున ఎదురైనది 'సైట్' అను ఉపగ్రహ బోధన ప్రయోగమున. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా, ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు పంపిరి. ఉదయము బడిపిల్లలకు గంటన్నర ప్రసారము: హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ భాషలకు తలా 22½ నిమిషములు. బొమ్మకు ఒక దారి, శబ్దమునకు రెండు దారులు ఉండెను. కనుక సాయంకాలము ఒకే బొమ్మకు తెలుగు, కన్నడ మాటలు రెండింటిని జతచేసి పంపగలిగిరి. శబ్దము నడచు ఇట్టి దారినే ఆడియో ఛానల్ అందురు.

మాటయు బొమ్మయు కలిసి నడువవలెనన్న ప్రతి బొమ్మకు ఒక గుర్తు కావలెను. 1967 ప్రాంతమున అమెరికాలో వీడియో టేపుల కూర్పు కొరకు పుట్టిన టైంకోడ్ అట్టి గుర్తే. గంట, నిమిషము, సెకను, ఫ్రేము అను నాలుగు జతల అంకెలు అందులో ఉండును. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములది. దానికి అనుగుణముగా సెకనుకు 25 ఫ్రేములు నిర్ణయమైనవి. కనుక 10:05:12:24 తరువాత వచ్చునది 10:05:13:00. అమెరికాలో 1953 నాటి రంగుల విధానము వలన సెకనుకు 30 ఫ్రేములు 29.97కు తగ్గినవి. గడియారముతో సరిపుచ్చుటకు అచ్చట గంటకు 108 అంకెలను దాటవేయుదురు. దాటునది అంకెయే కాని బొమ్మ కాదు. మనకు ఆ అవసరము లేదు.

1990 దశకము నడుమ టేపుల స్థానమును వీడియో సర్వరు ఆక్రమింపసాగెను. ఇది కార్యక్రమములను డిస్కులపై దాచు కంప్యూటరు. దాని ఏ ఛానల్ గ్రహింపవలెను, ఏది ప్రసారము చేయవలెను, ఏ ఆడియో ఛానల్‌లో ఏ భాష ఉండవలెను, సెకనుకు ఎన్ని ఫ్రేములు లెక్కింపవలెను అని ముందే నిర్ణయింపవలెను. పొరపాటు ఫలితమును విద్యార్థులే గణింపవచ్చును. 22½ నిమిషముల పాఠమున 33,750 ఫ్రేములుండును. సెకనుకు 30 చొప్పున లెక్కించినచో అది 18 నిమిషముల 45 సెకనులే. ఆ లెక్కతో తరువాతి కార్యక్రమమును మొదలిడినచో పాఠము చివరి 3 నిమిషముల 45 సెకనులు పిల్లలకు దక్కవు.

2020లో కరోనా వలన బడులు మూతపడినపుడు మన విద్యార్థులకు దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠములు చెప్పిరి. పాడేరు మన్యమున ఇంట ఆదివాసీ ఒడియా, కువి మాటలాడు పిల్లలు కలరు. 2004 ప్రాంతముననే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషలలో వాచకముల ప్రయత్నము ఆరంభమైనది. 1975లో శబ్దమునకు దారులు రెండే. నేడు స్టూడియోలో ఒకే తీగపై బొమ్మతో కూడ 16 ఆడియో ఛానళ్లు నడువగలవు. యంత్రమున చోటు ఉన్నది. అందులో కువి పలుకు వినిపింపవలెనన్న ఆ భాషలో పాఠము చెప్పగల గొంతు కావలెను.