రికార్డులో లేని బుల్లెట్

పోయిన సంక్రాంతికి అన్నయ్య వచ్చినప్పుడు అటక మీంచి పాత టీవీ గేమ్ దించాం. 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్‌కి అది పేరు లేని నకలు. పసుపు పిన్ను, తెల్ల పిన్ను, "9999999 ఇన్ 1" అని అచ్చేసిన క్యాసెట్. క్యాసెట్‌ని నోటితో ఊది పెడితే కాంట్రా వచ్చింది. పసుపు పిన్నుని రెండుగా చీల్చి ఒక వైరు డబ్బా టీవీకి, ఇంకోటి ల్యాప్‌టాప్‌కి పెట్టాను. మధ్యలో చవగ్గా దొరికిన ఒక క్యాప్చర్ స్టిక్కు. మళ్ళీ ఇద్దరం ఎప్పుడు ఆడతామో, రికార్డ్ ఉంటుంది కదా అని.

మూడో స్టేజిలో అన్నయ్య చచ్చిపోయాడు. "ఒరేయ్, అక్కడ బుల్లెట్టే లేదు!" అన్నాడు. ఉంది, నేను చూశాను. "రికార్డింగ్ ఉందిగా, చూద్దాం" అన్నాను ధీమాగా. చూశాం. వాడి మనిషి ఎగిరాడు, గాల్లో ఉండగానే వెనక్కి పడి చచ్చాడు. బుల్లెట్ లేదు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాం. లేదు.

ఉద్యోగరీత్యా నేను లాగుల్ని నమ్మే మనిషిని. యూజర్ ఏమన్నా, లాగ్‌లో ఏముందో అదే జరిగినట్టు. అలాంటిది నా కళ్ళు ఒకటి చెప్తే, లాగ్ ఇంకోటి చెప్పింది. ఆ వారం రోజులూ మంచి క్యాప్చర్ కార్డ్ ఏది కొనాలా అని వెతుకుతూ, కొనడం మానేసి ఆ డబ్బాల చరిత్రలో పడ్డాను.

ముందు బుల్లెట్ సంగతి. ఫ్యామికామ్ తెరమీద కదిలే చిన్న బొమ్మల్ని స్ప్రైట్లు అంటారు. ఒక్క అడ్డగీత మీద ఎనిమిదికి మించి స్ప్రైట్లు గీయడం ఆ యంత్రానికి చేతకాదు. తొమ్మిదోది వస్తే అది కనపడదు. అందుకని ప్రోగ్రామర్లు వంతులు పెట్టేవాళ్ళు: ఈ ఫ్రేములో ఒకటి మాయం, వచ్చే ఫ్రేములో ఇంకోటి మాయం. సెకనుకు యాభై అరవై ఫ్రేముల వేగంలో మన కంటికి అన్నీ ఉన్నట్టే ఉంటాయి, కాస్త మినుకుమంటాయంతే. మనం చూసే ఆటలో సగం యంత్రం గీసింది, సగం మన కన్ను పూరించుకున్నది.

మన టీవీ పద్ధతి పాల్. అందులో సెకనుకు 50 సార్లు బొమ్మ వస్తుంది, కానీ ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. రెండు కలిస్తే ఒక పూర్తి చిత్రం, అంటే సెకనుకు 25. పాత కన్సోళ్ళు ఈ పద్ధతిని పాటించవు. ప్రతిసారీ అవే గీతల మీద కొత్త బొమ్మని పంపుతాయి. డబ్బా టీవీకి ఆ తేడాతో పని లేదు, వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది. నా స్టిక్కు మాత్రం వచ్చేది మామూలు టీవీ కార్యక్రమమే అనుకుని రెండేసి బొమ్మల్ని ఒక జతగా లెక్కేసి, ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని పారేసింది. అన్నయ్యని చంపిన బుల్లెట్ వంతు ఆ పారేసిన ఫ్రేముల్లో పడుంటుంది.

స్టిక్కు బొమ్మని మసకబార్చి ఉంటే నేనింత పట్టించుకునేవాణ్ణి కాదు. అది జరిగినదాన్నే మార్చి చెప్పింది, అదీ ఎంతో శుభ్రంగా.

*

ఆటకి సాక్ష్యం కావాలన్న కోరిక క్యాప్చర్ కార్డ్ కన్నా పాతది. 1982లో వచ్చిన పిట్‌ఫాల్‌లో 20,000 పాయింట్లు దాటితే, టీవీ తెరని ఫొటో తీసి పోస్టులో పంపితే, యాక్టివిజన్ వాళ్ళు బట్టల మీద కుట్టుకునే బ్యాడ్జి ఒకటి పంపేవాళ్ళు. ఫొటోలో ఉన్నది చివరి అంకె మాత్రమే. అక్కడిదాకా ఎలా వచ్చాడన్నది ఆడినవాడి మాట.

తర్వాత వీసీఆర్ వచ్చింది. టీవీకి వెళ్ళే వైరుని వీసీఆర్‌లోకి తిప్పితే ఆట మొత్తం టేపు మీదకి ఎక్కేది. 1981లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, ఆటమ్వా అనే చిన్న ఊళ్ళో వాల్టర్ డే మొదలుపెట్టిన ట్విన్ గెలాక్సీస్ అనే ఆర్కేడ్, స్కోర్ల పద్దు రాసే సంస్థగా ఎదిగింది. ఆ పద్దుకి తర్వాతి కాలంలో టేపులే ఆధారాలయ్యాయి.

కంప్యూటర్ ఆటలకి ఇంకో దారి దొరికింది. 1993లో వచ్చిన డూమ్ బొమ్మని రికార్డ్ చేయదు, మీరు ఏ మీట ఎప్పుడు నొక్కారో రాసుకుంటుంది. సెకనుకు 35 సార్లు, సారికి నాలుగు బైట్లు. అంటే సెకనుకి 140 బైట్లు. ఆ ఫైల్ని డూమ్‌కే ఇస్తే ఆట మొత్తం మళ్ళీ ఆడి చూపిస్తుంది. పాట రికార్డింగ్ బదులు స్వరాలు రాసిపెట్టుకోవడం లాంటిది. కాకపోతే పాడేవాడు, అంటే ఆ ఆట, అదే వెర్షన్‌లో బతికుండాలి.

కన్సోళ్ళ ఆటల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. బయటికొచ్చే బొమ్మని పట్టుకోవడం ఒక్కటే దిక్కు. అది బరువు. ఇవాళ్టి 1080పి బొమ్మ సెకనుకు 60 ఫ్రేములంటే, చుక్కకి రెండు బైట్ల చొప్పున సెకనుకి దాదాపు 25 కోట్ల బైట్లు. యూఎస్‌బీ 2.0 తీగ కాగితం మీద మోయగలిగింది 6 కోట్లు. కాబట్టి ఆ తీగతో పనిచేసే ప్రతి డబ్బా, అట్టపెట్టె మీద ఏం రాసి ఉన్నా, ఫ్రేముల్లోనో వివరంలోనో ఎక్కడో ఒకచోట కోత పెట్టి తీరాల్సిందే.

ఈ కోత మనకి కొత్త కాదు. పద్యనాటకాల రోజుల్లో నటుడు ఒక్క పద్యానికి రాగం ఎంతసేపు తీసేవాడో, వన్స్‌మోర్లు ఎన్ని పడేవో పెద్దవాళ్ళు చెప్తారు. మనకి మిగిలింది 78 ఆర్‌పీఎం రికార్డు, ఒక వైపుకి మూడు నిమిషాల చిల్లర. ఆ పద్యం అంతే ఉండేదేమో అనుకుంటాం. రికార్డు పెట్టిన కోత కాస్తా ఆ కళ కొలతగా కనిపిస్తుంది.

*

ఆటల విషయంలో ఈ కోత కోర్టుదాకా వెళ్ళింది. 1981 నాటి నింటెండో ఆట డాంకీ కాంగ్‌లో బిల్లీ మిచెల్ చేసిన 1,047,200 స్కోరు టేపు 2007లో వచ్చిన 'ది కింగ్ ఆఫ్ కాంగ్' అనే డాక్యుమెంటరీలో కనిపిస్తుంది. 2018లో కొందరు ఆయన టేపుల్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశారు. ఒక స్టేజి అయిపోయి ఇంకో స్టేజి తెరమీదకి వచ్చేటప్పుడు, కన్ను మూసి తెరిచేలోపు, గడ్డర్లు ఏ వరసలో ప్రత్యక్షమవుతున్నాయన్నది వాళ్ళ ప్రశ్న. అసలు ఆర్కేడ్ యంత్రం వాటిని ఒక రకంగా గీస్తుంది, కంప్యూటర్‌లో దాన్ని అనుకరించే మేమ్ అనే ఎమ్యులేటర్ ఇంకో రకంగా గీస్తుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ట్విన్ గెలాక్సీస్ ఆయన స్కోర్లన్నీ తీసేసింది. మిచెల్ ఒప్పుకోలేదు, దావా వేశారు. 2024 జనవరిలో రాజీ కుదిరి, ఆ స్కోర్లు చారిత్రక పట్టికలోకి తిరిగొచ్చాయి.

ఎవరిది నిజమన్నది పక్కన పెడదాం. నన్ను పట్టుకున్నది ఏంటంటే, అంతమంది వాదన నిలబడింది టేపు మీద అనుకోకుండా మిగిలిన కొన్ని ఫ్రేముల మీద. స్కోరు కోసం తీసిన టేపు అది. గడ్డర్ల కోసం ఎవరూ తీయలేదు. మంచి రికార్డు తనని అడగని ప్రశ్నలకి కూడా జవాబు దాచిపెడుతుందేమో.

*

2006లో ప్లేస్టేషన్ 3తో కథ మలుపు తిరిగింది. దాని హెచ్‌డీఎంఐ తీగలోంచి వచ్చే బొమ్మకి హెచ్‌డీసీపీ అనే తాళం ఉంది. సినిమాల దొంగతనం ఆపడానికి వేసిన తాళం అది. పాపం ఆటలకీ పడింది. దాంతో జనం పాత కాంపొనెంట్ తీగల వైపు తిరిగారు. 2008లో వచ్చిన హాపాజ్ హెచ్‌డీ పీవీఆర్ ఆ అనలాగ్ దారినే వాడుకుని, బొమ్మని తనే కుదించి కంప్యూటర్‌కి పంపేది. ట్విచ్ పుట్టింది 2011లో. మూడేళ్ళకే అమెజాన్ దాన్ని 97 కోట్ల డాలర్లకి కొంది.

2013లో ప్లేస్టేషన్ 4 వచ్చేసరికి రిమోట్ మీదే షేర్ బటన్ ఉంది. ఆఖరి 15 నిమిషాలు కన్సోలే దాచిపెడుతుంది. ఇక బయటి డబ్బా ఎందుకు? జవాబు 2017లో పర్సోనా 5 చెప్పింది. దాని కంపెనీ అట్లస్ ఆ ఆటలో షేర్ బటన్ పనిచేయకుండా చేసింది. కథలో ఫలానా తేదీ దాటి వీడియో పెడితే చర్య తీసుకుంటామంది. గోల అయ్యాక ఆ తేదీని ముందుకి జరిపింది. షేర్ బటన్ ఆస్థాన చరిత్రకారుడి లాంటిది. నీటుగా రాస్తాడు, అక్కర్లేదన్నది రాయడు. ఆ రోజుల్లో పర్సోనా 5 వీడియో కావాలంటే దిక్కు బయటి డబ్బాయే. 2014 ఏప్రిల్‌లో సోనీ, ఆటలు ఆడేటప్పుడు ఆ తాళాన్ని తీసే వీలు ఇచ్చింది కాబట్టి అది సాధ్యపడింది.

అందుకే కొనబోయేవాళ్ళకి నేను చెప్పేది చిన్నది. పెట్టె మీద 4కె అని ఉంటే అది లోపలికి తీసుకునేదా, రికార్డ్ చేసేదా అని చూడండి. రెండూ ఒకటి కావు. కొత్త కన్సోల్ అయితే సెకనుకు 60 ఫ్రేములూ ఉంచేది, యూఎస్‌బీ 3 తీగది చూసుకోండి. టీవీకి నేరుగా బొమ్మని దాటించే రెండో హెచ్‌డీఎంఐ రంధ్రం లేకపోతే ల్యాప్‌టాప్ తెర చూస్తూ ఆడాలి, మీట నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదులుతుంది. పాత కన్సోల్ అయితే దాని బొమ్మని టీవీ కార్యక్రమమని పొరబడని కన్వర్టర్ ఒకటి మధ్యలో కావాలి. కార్డు కన్నా దానికే ఖర్చెక్కువ కావచ్చు.

నేను చివరికి అలాంటిదే కొన్నాను. ఒక్కణ్ణే కూర్చుని మూడో స్టేజి ఆడి, 50 ఫ్రేములూ ఉంచి రికార్డ్ చేశాను. అదే చోట ఆపి ఒక్కో ఫ్రేమూ నడిపాను. బుల్లెట్ ఉంది, లేదు, ఉంది, లేదు. ఆ ముక్క కోసి అన్నయ్యకి పంపాను.

రాత్రికి జవాబొచ్చింది: "అది వేరే బుల్లెట్ రా."

వాడన్నది నిజమే. సంక్రాంతి నాటి బుల్లెట్ ఏ ఫైల్లోనూ లేదు, ఇక ఉండదు. ఆ పాత రికార్డింగ్‌ని మాత్రం తీసెయ్యలేదు. అందులో వాడు గాల్లో ఉత్తపుణ్యానికి చచ్చిపోతాడు, పక్కన నా గొంతు "ఉంది, నేను చూశాను" అంటుంది.