మూడు గరిటెల అన్నం

చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి రండి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఈ ఇంటి ముందుగది మొన్నటిదాకా పిల్లల బొమ్మలకి. ఇవాళ ఒక బల్ల, మూడు కుర్చీలు, బల్లమీద స్టీలు గిన్నె, గరిటె, మూతపెట్టిన అన్నం. శనివారం ఉదయం, పదికి ఐదు నిమిషాలు. జూలై ఎండ అప్పుడే అద్దాల మీద కొడుతోంది. ఇంటావిడ సర్దిన కాగితాలే మళ్లీ సర్దుతోంది. మొదటి క్లయింట్లు వచ్చే వేళ.

గోడకి రెండు ఫ్రేములు. ఒకటి హెల్త్ ఎడ్యుకేషన్ స్పెషలిస్టు సర్టిఫికెట్. 165 ప్రశ్నల పరీక్ష రాసి తెచ్చుకుంది. ఐదేళ్లలో 75 గంటల చదువు చూపించకపోతే అది నిలవదు. రెండోది టెక్సస్ ఇచ్చిన ఎల్ఎల్‌సీ కంపెనీ పత్రం, ఖరీదు 300 డాలర్లు. ఐఆర్‌ఎస్ పన్ను నంబరు మాత్రం ఆన్‌లైన్లో ఊరికే ఇచ్చేశారు. ఫ్రేముకెక్కనిది సొరుగులో ఉంది: హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు. 2015 మే దాకా హెచ్-4 మీద ఉన్నవాళ్లకి ఆ కార్డే లేదు. ఎంత చదివినా ఇల్లే ఆఫీసు, జీతం సున్నా.

బెల్లు మోగింది.

తెనాలి నుంచి వచ్చిన పెద్దాయన, వెనక కూతురు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు నిండా రిపోర్టులు. కూర్చోగానే షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ అట్ట తీసి బల్లమీద పెట్టాడు.

“రెండు పూటలా వేసుకోమన్నారమ్మా. ఒకపూటతో సరిపెట్టుకోవచ్చా?”

చూడండి, ఆవిడ చెయ్యి అట్ట దాకా వెళ్లి ఆగింది. “అది మీ డాక్టరుగారే చెప్పాలి అంకుల్. ఏం అడగాలో నేను రాసిస్తాను.”

పెద్దాయన ముఖం వాడింది. ఆవిడకి మాత్రం ఫ్లోరిడా గుర్తొచ్చి ఉంటుంది. అక్కడ లైసెన్సు లేకుండా ఆహార సలహాలు అమ్మిందని ఒక హెల్త్ కోచ్‌కి 2017లో 500 డాలర్ల జరిమానా, దర్యాప్తు ఖర్చులు అదనం. పట్టుకున్నది క్లయింటులా నటించిన ఆరోగ్యశాఖ మనిషి! 2020లో ఆ రాష్ట్రం చట్టం సడలించింది. టెక్సస్‌లో మొదటినుంచీ అంత బిగింపు లేదు. అయినా మందుల మాట ఎక్కడైనా డాక్టరుదే.

“అన్నం ఎంత తింటారు?”

“కొంచెమేనమ్మా.”

ఆవిడ గరిటె అందించింది. “ఇంట్లో వడ్డించుకున్నట్టే వడ్డించండి.”

ఒకటి. రెండు. పెరుగులోకని ఇంకొకటి. ఆవిడ దాన్ని కప్పుతో కొలిచింది: మూడు కప్పులు. కప్పుకి సుమారు 45 గ్రాముల పిండిపదార్థం. పెద్దాయన కప్పుని అనుమానంగా చూశాడు, దానిదే తప్పన్నట్టు. కూతురు నవ్వింది.

“నువ్వు నవ్వకమ్మా, నీ రిపోర్టేది?”

“నాకు షుగరు లేదక్కా. ఏ1సీ 5.9 అంతే.”

అదే అసలు కేసు. 5.7 నుంచి 6.4 దాకా షుగరుకి ముందుమెట్టు. డాక్టరు ఆమెకి పంపింది ఫోన్లో ఒక్క లైను: బరువు తగ్గండి. ఎలాగో చెప్పే తీరిక ఆయనకి లేదు. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. ఆ మాట ఆవిడ ముప్పావుగంట చెప్పింది: సాంబారు దగ్గర, కాఫీ దగ్గర, గుడి ప్రసాదం దగ్గర, పార్కింగు లాటు చివర కారు పెట్టడం దగ్గర ఆగి ఆగి.

“ఎంతక్కా?”

అద్దం ముందు వారం రోజులు సాధన చేసిన మాట గొంతులో అడ్డంపడింది. బిళ్లకి డబ్బివ్వడం మనవాళ్లకి అలవాటే. మాటకి ఇవ్వడం చిన్నతనంగా, అడగడం అంతకన్నా చిన్నతనంగా ఉంటుంది.

“అరవై ఐదు.”

పెద్దాయన పెదవులు కదిలాయి, రూపాయల్లోకి మారుస్తున్నాడు. కూతురు ఫోను తీసింది.

ఆవిడ ఫైలు సొరుగులో పెట్టి తాళం వేసింది. రోగి వివరాలు ఎవరి చేతిలో ఉన్నా కాపాడాల్సిందేనని టెక్సస్ చట్టం.

గుమ్మం దగ్గర పెద్దాయన వెనక్కి తిరిగాడు. “ఆ అన్నం పారేస్తావా అమ్మా?”

“లేదంకుల్. మధ్యాహ్నం మేమే తింటాం.”

“మూడు కప్పులూనా?”