ముప్ఫై అయిదేళ్ళకే దిగిపొమ్మన్నారు

విమానయాన సంస్థల చరిత్రలు నేను చదివినంతలో ఒకే పద్ధతిలో నడుస్తాయి. ఏ ఏడాది ఏ విమానం కొన్నారు, ఏ దారి తెరిచారు, ఎవరిని ఎవరిలో కలిపారు. ఆ విమానాల్లో పనిచేసిన స్త్రీలు ఫొటోలకే పరిమితం. వాళ్ళ వైపు నుంచి చూస్తే తేదీలు అవే ఉంటాయి గానీ అర్థాలు మారిపోతాయి.

మన హైదరాబాదు నుంచే మొదలుపెడతాను. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ 1946లో బేగంపేట కేంద్రంగా సర్వీసులు ప్రారంభించింది. ఇతర సంస్థలు కాదన్న ప్రేమ్ మాథుర్‌కి పైలట్ ఉద్యోగం ఇచ్చింది ఈ సంస్థే. కమర్షియల్ పైలట్ అయిన తొలి భారతీయ మహిళ ఆమె. తలుపు తీశారు గానీ కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదు. 1953లో దక్కన్‌తో సహా ఎనిమిది సంస్థలను కలిపి ప్రభుత్వం ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ని ఏర్పాటు చేసింది. విదేశీ మార్గాలు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కి వెళ్ళాయి. జాతీయం చేయడమంటే ప్రజలపరం కావడమని నమ్మిన కాలమది. ఆ ప్రజల్లో స్త్రీలకి ఎంత చోటుందో సర్వీసు నిబంధనలు చెబుతాయి.

ఎయిర్ ఇండియా నిబంధనల ప్రకారం ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్ళకి రిటైర్ కావాలి. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా అంతకుముందే ఇంటికి పోవాలి. అదే విమానంలో, అదే ప్రయాణికులకి సేవచేసే మగ ఫ్లైట్ పర్సర్‌కి 58 ఏళ్ళదాకా ఢోకా లేదు. నర్గేష్ మీర్జా, ఆమె సహోద్యోగులు దీన్ని కోర్టులో ప్రశ్నించారు.

1981లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గర్భం వస్తే తీసేయడం నిరంకుశమని కొట్టేసింది. 35 తర్వాత పొడిగింపు మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టానికి వదలడాన్నీ తప్పుపట్టింది. అయితే పెళ్ళి నిబంధనని సమర్థించింది. అది కుటుంబ నియంత్రణకి మేలు చేస్తుందట! మూడో గర్భానికి ఉద్యోగం తీసేస్తే అభ్యంతరం లేదంది. స్త్రీలూ పురుషులూ వేర్వేరు కేడర్లు కాబట్టి వివక్ష లేదని తేల్చింది. నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా కనిపించేది ఈ చివరి మాటే. ముందు వేరుచేసి, ఆ వేరునే అసమానతకి కారణంగా చూపిస్తే ఇక ఏ వివక్షనైనా సమర్థించవచ్చు.

ఆ తర్కం అక్కడితో ఆగలేదు. 2003లో మగవాళ్ళు 58 దాకా ఎగరవచ్చుగానీ స్త్రీలు 50కే ఆగిపోవడం సబబేనని అదే కోర్టు అంది. ఆ కేసులో క్యాబిన్ సిబ్బంది సంఘమే 50 ఏళ్ళ పరిమితి వైపు నిలబడింది. యాజమాన్యంతో సంఘం చేసుకున్న ఒప్పందాలే స్త్రీలకి అడ్డుగోడలు కాగలవని ఉద్యమాల్లో ఉన్నవాళ్ళం గుర్తుంచుకోవాలి. ఇన్‌ఫ్లైట్ సూపర్‌వైజర్ పదవికి స్త్రీలు కూడా అర్హులేనని 2005లో ఎయిర్ ఇండియా ఉత్తర్వు ఇస్తే, మగ ఉద్యోగులు కోర్టుకెక్కారు. 2011లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే నిలబెట్టింది. ఒక విమానంలో స్త్రీ మాట పురుషుడు వినాలా అన్న ప్రశ్న తేలడానికి ఆరేళ్ళు పట్టింది.

ఈలోగా 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒకటయ్యాయి. 2022లో సంస్థ మళ్ళీ టాటాల చేతికి వచ్చింది. 2024లో విస్తారా అందులో కలిసింది. ప్రతి విలీనంలోనూ విమానాలు, అప్పులు, మార్గాలు లెక్కకొచ్చాయి. స్త్రీలు కోర్టుల చుట్టూ తిరిగి సంపాదించుకున్న ఏళ్ళు ఏ ఆస్తుల పట్టికలోనూ ఉండవు. వాటిని మనమే రాసిపెట్టుకోవాలి.